ఎండాకాలం కచేరీలకు వెళ్లబోయే బుజ్జికి

బుజ్జీ,

ఈ ఎండాకాలంలో దేశదేశాల సంగీతం ఎక్కడ, ఎట్లా వినాలని నిన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా చెప్పలేకపోయాను. ఒక పక్క టీవీ మోత, ఇంకో పక్క మీ పెద్దమ్మ "ముందు దాని పెళ్లి సంగతి అడగండి" అని గిల్లుడు. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ముప్పయ్యేళ్లు ఈ హైదరాబాద్‌లో మైకుసెట్టు పనిలో బతికినవాణ్ణి కాబట్టి, వేదిక ముందు కన్నా పక్కనుంచి చూసిందే ఎక్కువ. అట్లా చూసింది చెప్తా.

ముందు ఒక సంగతి. టీవీలో కనిపించే పెద్ద విదేశీ పేర్ల కోసం మే నెలలో ఎదురుచూడకు. వాళ్లలో ఎక్కువమంది చలికాలం చూసుకునే వస్తారు. ఎడ్ షీరన్ రామోజీ ఫిల్మ్ సిటీకి వచ్చింది 2025 ఫిబ్రవరిలో. ఎండాకాలంలో మనకు దక్కేది చిన్న హాళ్లలో, చిన్న బృందాలతో జరిగే కచేరీ. నన్నడిగితే అదే మేలు. స్టేడియంలో వేలు పోసి నువ్వు చూసేది చివరికి తెరమీది బొమ్మే. రెండొందల మంది పట్టే చోటైతే వాయించేవాడి వేళ్లు కనిపిస్తాయి. తెలియని దేశపు సంగీతం మొదట అర్థమయ్యేది చెవికి కాదు, కంటికి.

ఉదాహరణకు పశ్చిమ ఆఫ్రికా వాళ్ల కోరా అనే తీగవాద్యం. పెద్ద సొరకాయ బుర్రను సగానికి కోసి, దానిమీద ఆవు తోలు బిగించి, 21 తీగలు కడతారు. రికార్డులో వింటే ఏదో వీణ రకం అనుకుని వదిలేస్తావు. దగ్గర్నుంచి చూస్తే మన కిన్నెర మొగులయ్య గుర్తొస్తాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది చూడు, ఆయన. ఆయన పన్నెండు మెట్ల కిన్నెరకూ కిందున్నవి సొరకాయ బుర్రలే. ఆ రెండు బుర్రలూ నీ మనసులో ఒకచోట చేరాయంటే ఇక ఆ కచేరీ నీదే. "వరల్డ్ మ్యూజిక్" అన్న పేరు చూసి మాత్రం బెదిరిపోకు. 1987లో లండన్‌లో కొందరు రికార్డుల వ్యాపారులు, ఈ పాటల్ని కొట్లో ఏ అరలో పెట్టాలో తేలక పెట్టుకున్న పేరది. గ్రామీ అవార్డుల వాళ్లు కూడా 2020లో ఆ పేరు తీసేసి "గ్లోబల్" అని మార్చుకున్నారు.

ఇక ఎక్కడికి వెళ్లాలి? రవీంద్రభారతి 1961 నాటిది, మెట్రో దిగి నడిచిపోవచ్చు. మాదాపూర్ శిల్పకళావేదిక చాలా పెద్దది, ఏసీ హాలు. బయట నలభై డిగ్రీల నుంచి నేరుగా లోపలికెళ్తే మొదటి పాట మొత్తం తుమ్ముతూ వింటావు, చున్నీ ఒకటి పట్టుకెళ్లు. మా చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఎక్కువగా మన సంగీతమే ఉంటుంది. నీకు బాగా నచ్చేది బంజారాహిల్స్‌లోని లామకాన్ అనుకుంటా. 2010లో ఒక పాత ఇంటిని అందరి కోసం తెరిచారు. రాతిబండల మధ్య వేదిక, చాయ్, సమోసా, పక్కన కూర్చున్నవాళ్లతో కబుర్లు. అక్కడ ముందొచ్చినవాళ్లదే చోటు, గంట ముందు వెళ్లి చాయ్ తాగుతూ కూర్చో. ఫ్రెంచి వాళ్ల సాంస్కృతిక కేంద్రం అలియాన్స్ ఫ్రాన్సేజ్, జర్మన్ వాళ్లది గోథే జెంట్రమ్, వీళ్లు పిలిపించే కళాకారులు కూడా బాగుంటారు, వాళ్ల ప్రకటనలు చూస్తూ ఉండు.

గోల్కొండ దగ్గర తారామతి బారాదరి సంగతి వేరు. తారామతి అక్కడ పాడితే కోటలో ఉన్న అబ్దుల్లా కుతుబ్‌షాకు గాలిలో వినపడేదని కథ. చరిత్ర ఎంతో, కల్పన ఎంతో ఎవరూ తేల్చలేరు గానీ, మైకువాడిగా నేను ఒకటి గమనించా. పొద్దుగూకాక నేల దగ్గరి గాలి ముందు చల్లబడుతుంది, పైగాలి ఇంకా వేడిగానే ఉంటుంది. అప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగి చాలా దూరం వెళ్తుంది. అందుకే మధ్యాహ్నం సౌండ్ చెక్‌లో పెట్టుకున్న వాల్యూమ్ రాత్రి ఎనిమిదికి ఎక్కువైపోతుంది, పక్క కాలనీవాళ్లు ఫోన్లు చేస్తారు. రాత్రి పదింటికి ఆరుబయట లౌడ్‌స్పీకర్లు ఆపాలని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు ఉన్నాయి. కాబట్టి ఏడున్నరకని కార్డు మీద వేసి ఎనిమిదిన్నరకు మొదలుపెట్టారంటే చివరి పాటలు ఎగిరిపోయినట్టే. అక్కడికి మెట్రో లేదు, తిరుగుప్రయాణానికి బండి ముందే మాట్లాడుకో.

హాల్లో ఎక్కడ కూర్చోవాలంటే, మిక్సర్ బల్ల ఎక్కడుందో చూడు. సౌండ్ ఇంజనీరు తన చెవికి బాగున్నట్టే అన్నీ సర్దుకుంటాడు, కాబట్టి ఆ బల్లకు రెండు వరుసల ముందు, మధ్యలో కూర్చుంటే అతనికి వినపడేదే నీకూ వినపడుతుంది. బాల్కనీ కింద కూర్చుంటే శబ్దం నోట్లో గుడ్డ కుక్కినట్టు ఉంటుంది. స్పీకర్ బాక్సులకు ఎదురుగా మాత్రం అస్సలు వద్దు. మా పనిలో ఒక లెక్క ఉంది: 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగం అవుతుంది. అంటే 100 దగ్గర పావుగంటే. చెవుల్లో పెట్టుకునే నురుగు బిళ్లలు మందుల షాపులో కూడా దొరుకుతాయి, రెండు జతలు కొనిపెట్టుకో. నా ఎడమ చెవి పదిహేనేళ్లుగా జుయ్‌మంటూనే ఉంది. పెట్టుకోమని మా ఓనరు చెప్పలేదు, చెప్పినా ఆ వయసులో నేను వినేవాణ్ణి కాదనుకో.

ముందుగా వెళ్లమనడానికి అసలు కారణం శ్రుతి చేసుకోవడం చూస్తావని. ఎండాకాలంలో అది పెద్ద కుస్తీ. వేడికి తీగ సాగి శ్రుతి దిగుతుంది. వేణువులో గాలి వేడెక్కి శ్రుతి పెరుగుతుంది. పొద్దున కలిసిన ఇద్దరూ సాయంత్రానికి చెరో దారి పడతారు. మృదంగం ఎడమవైపు అద్దిన రవ్వముద్ద ఎండి పెచ్చులు లేస్తుంటే, మృదంగం ఆయన నీళ్ల గిన్నెలో వేళ్లు ముంచి మళ్లీ మళ్లీ తడుపుతుంటాడు. మన ఊళ్లో డప్పులు మంట దగ్గర కాచేవాళ్లు, గుర్తుందా? మేలో ఆ మంట అక్కర్లేదు, ఎండకే తోలు బిగిసిపోతుంది. ఒకసారి మధ్యాహ్నం సౌండ్ చెక్‌లో, ఎక్కణ్నుంచో వచ్చిన ఒక ఊద్ (అరబ్బుల తీగవాద్యం) వాద్యగాడు తన వాద్యాన్ని తడిగుడ్డ పరిచిన పెట్టెలో పడుకోబెట్టి, దాని పక్కనే గొడుగు పట్టుకుని కూర్చున్నాడు. ఎండకు ఆయన ముఖం కందిపోయింది, గొడుగు మాత్రం పెట్టె మీదే ఉంది. ఆ రాత్రి ఆయన ఏం వాయించాడో మర్చిపోయా, గొడుగు మర్చిపోలేదు.

గాలిదుమారాల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకు. ఓ మే నెలలో ఒక పెద్ద లాన్‌లో కార్యక్రమం. సాయంత్రం ఆరున్నరకు పడమర ఎర్రబారింది, మట్టివాసన వచ్చింది. స్పీకర్ టవర్లు దింపుదామంటే నిర్వాహకులు "చినుకు కూడా లేదు కదా" అన్నారు. వాన కాదు, ముందు గాలే వచ్చింది. వేదిక వెనక ఫ్లెక్సీ తెరచాపలా ఉబ్బి, కట్టిన పైపుల్ని కూడా లాగేసింది. అదృష్టం బాగుండి కుర్చీల్లో ఇంకా ఎవరూ లేరు. నువ్వెప్పుడైనా అట్లాంటి గాలి మొదలైనట్టు చూస్తే ఫోన్ తీసి వీడియో తియ్యకుండా, టవర్లకూ ఫ్లెక్సీలకూ చెట్లకూ దూరంగా జరుగు. టికెట్ కొనేముందే వాన పడితే డబ్బు వెనక్కిస్తారా అని చదువుకో. నీళ్ల సీసా లోపలికి రానిస్తారో లేదో కూడా. కొన్నిచోట్ల గేటు దగ్గర సీసా లాక్కుని, లోపల అదే నీళ్లు మూడింతలకు అమ్ముతారు. అట్లాంటి చోటికి రెండోసారి వెళ్లకు. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, నువ్వెంత? పొద్దున్నుంచే మజ్జిగ తాగుతూ ఉండు.

జూన్ 21 తేదీ గుర్తుపెట్టుకో. ఫ్రాన్స్‌లో 1982లో మొదలైన సంగీత పండగ అది, ఎవరికి వచ్చింది వాళ్లు వీధిలో వాయించడం, ఉచితంగా వినడం. అప్పటికి ఇక్కడ వానలు పడుతుంటాయి కాబట్టి పైకప్పు ఉన్న చోటే చూసుకో.

ఏ టికెట్టూ దొరకలేదా, పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రిపూట పాతబస్తీ వైపు ఏదైనా బారాత్ వెనక నడువు. మర్ఫా వినపడుతుంది. నిజాం కొలువులోకి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీలు తెచ్చిన వాయిద్యం అది. బార్కస్, ఏసీ గార్డ్స్ అన్న పేట పేర్లు కూడా వాళ్ల వల్ల వచ్చినవే. లండన్ కొట్లో అర పేరు పెట్టకముందే ఆ సంగీతం మన వీధుల్లో ఉంది. ఆ మోత నేను ఏ మిక్సర్ మీదా సర్దలేకపోయా. మైకు పెడితే చెడుతుంది.

ఈ వారం ఏది ఎంచుకున్నావో రాయి. కచేరీ అయ్యాక ఆఖరి మెట్రో ఎన్నింటికో ముందే చూసుకో, రూమ్‌కి చేరగానే మిస్డ్ కాల్ ఇవ్వు. పన్నెండు దాకా మెలకువగానే ఉంటా. ఫోన్ మాత్రం కుడి చెవికి పెట్టుకుంటా, నువ్వు గట్టిగా అరవక్కర్లేదు.

మీ పెదనాన్న