సంత మేకలతో మందకు పారుడు రోగం: వైరస్ ఒంట్లోకి ఎలా వెళుతుంది?

ప్రశ్న: మాకు నలభై దాకా మేకలు, గొర్రెలు ఉన్నాయి. సంతలో ఎనిమిది మేకలు కొని అదే రోజు మందలో కలిపాము. చూపుకు బాగానే ఉన్న ఆ మేకలు ఆరో రోజున జ్వరంతో మేత మానేశాయి. ముక్కుల నుంచి చీమిడి, కళ్ల నుంచి పుసులు కారాయి, నోటిలో పుండ్లు పడ్డాయి, ఇప్పుడు పారుకుంటున్నాయి. మా సొంత మేకలకూ సోకి రెండు పిల్లలు చనిపోయాయి. పక్క ఊరి మంద నుంచి గాలికి వచ్చిందని కొందరు అంటున్నారు. రోజూ సాయంత్రం దొడ్డిలో వేపాకు పొగ వేస్తున్నాము. ఈ రోగం ఒంట్లోకి ఎలా వెళుతుంది? ఇప్పుడు టీకా వేయించవచ్చా? ఇంట్లో ఆవులకు, పిల్లలకు ప్రమాదమా?
– ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: మీరు రాసిన లక్షణాలు పి.పి.ఆర్. అని పిలిచే పారుడు రోగాన్నే సూచిస్తున్నాయి. ఊపిరితిత్తుల జబ్బులు మరికొన్నింటిలోనూ దగ్గు, చీమిడి ఉంటాయి గానీ, వాటిలో నోటి పుండ్లు కనిపించవు. జబ్బు మేక పెదవిని ఎత్తి చూడండి. చిగుళ్ల మీద, నాలుక మీద తవుడు చల్లినట్లు తెల్లటి పొర, దానితో పాటు దుర్వాసన ఉంటే అనుమానం మరింత బలపడుతుంది. నిర్ధారణ కోసం, కొత్తగా జ్వరం వచ్చిన జీవాల ముక్కు, కంటి స్రావాల నమూనాలను పశువైద్యాధికారి ద్వారా ప్రయోగశాలకు పంపించాలి.

ఈ వైరస్ 2011లో ప్రపంచమంతటా నిర్మూలమైన, పశువులకు వచ్చే ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) వైరస్‌కు, మనుషుల తట్టు వైరస్‌కు దగ్గరి బంధువు. జబ్బు జీవి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు వెలువడే సన్నని తుంపరలను పక్కనున్న జీవి పీల్చుకోవడమే ఇది సోకే ప్రధాన మార్గం. ఒకే తొట్టిలో మూతులు పెట్టి నీళ్లు తాగడం, ఇరుకు దొడ్డిలో రాత్రంతా ఒరుసుకుని పడుకోవడం ఇందుకు చాలు. పీల్చిన వైరస్‌ను ముక్కు, గొంతు పొరల్లో కాపలాగా ఉండే రోగనిరోధక కణాలే ముందుగా పట్టుకుంటాయి. అయితే ఆ కణాల మీదుండే స్లామ్ అనే ప్రోటీనుకే వైరస్ అతుక్కొని లోపలికి చొరబడి, వాటితో పాటే టాన్సిళ్లకు, లింఫు గ్రంథులకు చేరి, అక్కడ పెరిగి రక్తంలో కలుస్తుంది. ఆ తరువాత నోరు, ముక్కు, ఊపిరితిత్తులు, పేగుల లోపలి పొరల్లోని కణాలను నెక్టిన్-4 అనే మరో ప్రోటీను ద్వారా ఆక్రమించి, వాటిని చంపుతూ చీమిడిలో, పుసుల్లో, పేడలో బయటపడుతుంది. ఇదంతా జరగడానికి సాధారణంగా 4 నుంచి 6 రోజులు పడుతుంది కనుక, మీ సంత మేకలు కొన్న రోజుకే వైరస్‌ను మోస్తూ ఉండవచ్చు. లక్షణాలు బయటపడక ముందే జీవాలు వైరస్‌ను వదలడం మొదలుపెడతాయి కాబట్టి చూపుకు బాగున్నాయన్నది భరోసా కాదు.

గాలి మాటకొస్తే, గాలికుంటు వైరస్ అనుకూల వాతావరణంలో గాలిలో చాలా దూరం పోగలదు. పారుడు రోగానికి ఆ శక్తి లేదు. ఎండకు, ఆరుదలకు త్వరగా నశించే ఈ వైరస్‌కు జీవాలు దగ్గరగా మసలడం అవసరం. కనుక పక్క ఊరి మీద అనుమానం వదిలిపెట్టండి. వేపాకు పొగ కూడా ఈ వైరస్‌ను చంపదు. పైగా ఇప్పటికే పుండైన శ్వాసనాళాలను మరింత రేపుతుంది, దానిని వెంటనే ఆపండి.

జబ్బు జీవాలను వేరే పాకలోకి మార్చి, వాటి తొట్లు, మేత, మనిషి అన్నీ వేరు చేయండి. ఒక్కరే చూడక తప్పనప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాటిని ముందు, జబ్బువాటిని చివర చూసుకోండి. మందను మేపుకు, ఉమ్మడి చెరువుకు తోలవద్దు. నష్టం తగ్గించుకుందామని మిగిలినవాటిని సంతకు తోలితే ఈ రోగం మరో పది ఊళ్లకు పోతుంది. చనిపోయినవాటిని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.

వైరస్‌ను చంపే మందు లేదు. ఇది తెల్ల రక్తకణాలను తగ్గించడం వల్ల బ్యాక్టీరియా చేరి న్యుమోనియా ముదురుతుంది. యాంటీబయాటిక్ ఇచ్చేది దానికోసమే, అది కూడా వైద్యుని సలహాతోనే. నోటిని పలుచని పొటాషియం పర్మాంగనేట్ నీటితో కడిగి బోరో గ్లిసరిన్ పూయండి. పారుకునే జీవి నీరు కోల్పోయి చనిపోతుంది కనుక ఎలక్ట్రోలైట్ (లవణాల పొడి) కలిపిన నీళ్లు, గంజి, రాగి జావ మాటిమాటికీ తాగించండి, గుటక పడకుండా బలవంతంగా పోయవద్దు. చూడి జీవాలు ఈసుకుపోవచ్చు, వాటిని ప్రత్యేకంగా కనిపెట్టి ఉండండి.

జ్వరం ఉన్న జీవాలకు టీకా వేయించకూడదు. లోపల వైరస్ ఇప్పటికే పెరుగుతున్న జీవిని టీకా కాపాడలేకపోవచ్చు. అయినా జ్వరం లేని జీవాలకు, చుట్టుపక్కల మందలకు పశువైద్యాధికారి పర్యవేక్షణలో వెంటనే వేయించడం మంచిది. నాలుగు నెలలు దాటిన జీవికి 1 మి.లీ. చర్మం కింద వేస్తారు, రక్షణ సుమారు మూడేళ్లు ఉంటుంది. ప్రతి జీవికీ సూది మార్చాలి, కలిపిన మందును ఐసులోనే ఉంచి త్వరగా వాడేయాలి. దగ్గరలో వైద్యులు లేకపోతే 1962కు ఫోన్ చేయండి.

మీ పిల్లలకు ఈ రోగం సోకదు. ఆవులకు వైరస్ తగిలినా జబ్బు కనిపించదు. ఇక మీదట సంత జీవాలను 21 రోజులు విడిగా కట్టి, టీకా వేయించిన తరువాతనే మందలో కలపండి.