పిస్టల్ బుల్లెట్‌తో రైఫిల్ తూటా కట్టబోయే అల్లుడికి

నల్లగొండ

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

పెన్సిల్వేనియాలో పాత మార్లిన్ 336 రైఫిల్ ఒకటి కొన్నావనీ, అది .35 రెమింగ్టన్ తూటాకు చేసినదనీ, ఆ కొలత రైఫిల్ బుల్లెట్ల ధర చూసి బెదిరి, .357 మాగ్నమ్ పిస్టల్ బుల్లెట్లతో ఇంట్లోనే తూటాలు కట్టుకోవాలని అనుకుంటున్నావనీ రాసిన ఉత్తరం అందింది. తూటా అంటే ఇత్తడి కేసూ, దాని అడుగున దెబ్బకు పేలి మందును అంటించే ప్రైమరూ, లోపలి మందూ, మూతిలో బిగించిన బుల్లెట్టూ కలిసినదని మరువకు; ఎగిరేది బుల్లెట్ ఒక్కటే. ఆ రాష్ట్రంలో ఉన్నన్నాళ్లూ నేను చేసిన పనే కనుక వద్దని చెప్పలేను. ఇక్కడ మాత్రం ఆ మాటే ఎత్తరాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. అందుచేత సెలవులకు వచ్చేటప్పుడు పెట్టెలు రెండుసార్లు వెతుక్కో. బట్టల మడతలో ఒక్క ఖాళీ కేసు దొరికినా విమానాశ్రయంలో నీకూ, బయట ఎదురుచూసే మా చెల్లెలికీ ఆ పూట గడవదు.

ముందు కొలత సంగతి. .35 రెమింగ్టన్ బుల్లెట్ వ్యాసం 0.358 అంగుళం, .357 మాగ్నమ్ బుల్లెట్‌ది 0.357. వెయ్యో వంతు తేడాను రాగి తొడుగున్న బుల్లెట్ పట్టించుకోదు. 9 ఎంఎం బుల్లెట్ 0.355 ఉంటుంది, చవకగా వస్తున్నదని దాని జోలికి పోవద్దు, గొట్టం లోపల బుల్లెట్‌ను తిప్పే మెలికల గాడులను సరిగ్గా పట్టదు. నీ రైఫిల్ గాడి 16 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది. స్మిత్ అండ్ వెసన్ .357 రివాల్వర్లలో అది 18.75 అంగుళాలకు ఒక చుట్టు. రెండూ నిదానంగా తిరిగేవే కనుక, పొట్టిగా ఉండే 158 గ్రెయిన్ల (బుల్లెట్లనూ మందునూ తూచే చిన్న కొలత) పిస్టల్ బుల్లెట్ నీ గొట్టంలో పరాయిదానిలా కాక సొంతింట్లో ఉన్నట్లే ఉంటుంది.

అసలు చిక్కు వేగంలో ఉన్నది. ఆ బుల్లెట్‌ను చేసినవాడు రివాల్వర్ వేగాన్ని మనసులో పెట్టుకుని, అంటే సెకనుకు సుమారు 1,200 నుంచి 1,400 అడుగుల వేగానికి తగినట్లుగా, దాని తొడుగు మందాన్ని నిర్ణయించాడు. నీ రైఫిల్ తన 200 గ్రెయిన్ల బుల్లెట్‌ను సుమారు 2,000 అడుగుల వేగంతో తోస్తుంది. తేలికైన 158 గ్రెయిన్లను ఇంకా వేగంగా తోయగలదు. అలా తోస్తే జింక భుజానికి తగిలిన బుల్లెట్ లోపలికి దిగకుండా చర్మం దగ్గరే చిట్లిపోయి, పెద్ద గాయం చేసి, జంతువును చంపకుండా పొదల్లోకి పంపుతుంది. కాబట్టి రైఫిల్ ఎంత తోయగలదన్నది పక్కన పెట్టి, బుల్లెట్ ఎంత ఓర్చుకోగలదన్నదాన్ని బట్టి మందు వెయ్యి. 1,400 నుంచి 1,600 అడుగుల మధ్య ఉంచుకుంటే అట్టబిళ్ల మీద గురి సాధనకు, తోటలు తవ్వే గ్రౌండ్‌హాగ్‌కు ఆ తూటా చక్కగా పనికివస్తుంది. నవంబరులో జింక కోసం అడవికి వెళ్లేటప్పుడు మాత్రం డబ్బుకు వెనుకాడక 200 గ్రెయిన్ల రైఫిల్ బుల్లెట్ తూటాలే తీసుకువెళ్లు. ఏడాదికి అవి పది కూడా ఖర్చు కావు.

ఇక మందు. ఎంత వేయాలో అంకె నేను రాయను. నీ తూటాకూ, ఆ బుల్లెట్ బరువుకూ, ఆ మందు పేరుకూ కలిపి అచ్చయిన లోడింగ్ మాన్యువల్‌లో ఏముంటే అదే తీసుకుని, అందులోనూ తక్కువ అంకెతో మొదలుపెట్టు. అయితే ఏ రకం మందు ఎంచుకోవాలో చెప్పగలను. త్వరగా మండే పిస్టల్ మందు కొద్దిగా వేస్తే చాలు, డబ్బా చాలా రోజులు వస్తుంది. అందులోనే ప్రమాదం కూడా ఉన్నది. నీ కేసు కడుపు పెద్దది, ఆ మందు దాని అడుగున పావు వంతు కూడా నిండదు, పొరపాటున రెండుసార్లు పోసినా కంటికి ఆనదు. ఒకసారి నేను సరిగ్గా ఈ పనిలో ఉండగా మీ అమ్మ ఇక్కడి నుంచి ఫోన్ చేసి, బోరు ఎండిపోయిన సంగతి అరగంట చెప్పింది. ఫోన్ పెట్టేసి చూస్తే చెక్కలో యాభై కేసులున్నాయి, ఏ వరుస వరకు పోశానో గుర్తు లేదు. అన్నీ డబ్బాలోకి తిరగబోసి మొదటి నుంచి తూచాను. అప్పటి నుంచి ఖాళీ కేసులను బోర్లించి పెట్టుకుని, ఒకటి తీసి మందు పోసి, వెంటనే బుల్లెట్ బిగించిన తరువాతే రెండోదాన్ని ముట్టుకునేవాణ్ని. బల్ల మీద ఒకేసారి రెండు మందు డబ్బాలు ఎన్నడూ ఉండరాదు.

నన్నడిగితే హెచ్ 4895 మందు మేలు. నీ తూటాకు మాన్యువల్‌లో ఆ మందు ఉన్నట్లయితే, అక్కడున్న గరిష్ఠ తూకంలో 60 శాతానికి తక్కువ కాకుండా తగ్గించుకోవచ్చని దాన్ని అమ్మే హాడ్జ్‌డన్ కంపెనీయే చెబుతున్నది. అది కేసులో ఎక్కువ చోటు తీసుకుంటుంది కనుక రెండుసార్లు పోస్తే మూతి దగ్గరికి వచ్చి తానే పట్టిస్తుంది. ఈ 60 శాతం లెక్కను వేరే మందులకు వర్తింపజేయవద్దు; నిదానంగా మండే మందును మరీ కొంచెం వేస్తే తుపాకులే పగిలిన సందర్భాలున్నాయి.

ఒక గ్రెయిన్ అంటే పౌండు బరువులో ఏడు వేలో వంతు. క్లాక్‌టవర్ దగ్గర మీ తాత బంగారం చేయించిన అవుసులాయన గురిగింజలతో తూచేవాడు. ఒక గురిగింజ ఎత్తు సుమారు రెండు గ్రెయిన్లకు కొంచెం తక్కువ. నువ్వు అందులో ఇరవయ్యో వంతు తేడాను కూడా పట్టించుకోవాలి. కనుక త్రాసును పక్కనున్న ఫ్యాను గాలికి దూరంగా పెట్టి, పని మొదలుపెట్టే ప్రతిసారీ తూకపు రాళ్లతో సరిచూసుకో.

తక్కువ మందుతో ఇంకో ఇబ్బంది ఉన్నది, అది చాలామందికి తెలియదు. .35 రెమింగ్టన్ కేసుకు భుజం, అంటే మూతి దగ్గర సన్నబడే వాలు, చాలా చిన్నది. ప్రైమర్ పేలినప్పుడు ఆ దెబ్బకు కేసు ముందుకు జరుగుతుంది. మందు ఒత్తిడి బలంగా ఉంటే కేసు మళ్లీ వెనక్కు సాగి సర్దుకుంటుంది. లేకపోతే భుజం అణిగి, కేసు ఒక పిసరు పొట్టిదైపోయి, ప్రైమర్ బయటికి పొడుచుకు వస్తుంది. అలాంటి కేసుల్లో తరువాత ఎన్నడూ పూర్తి మందు వేయరాదు. చిన్న మందు కేసుల అడుగున మార్కర్‌తో గీత గీసి, వేరే డబ్బాలో పెట్టుకో.

నీ రైఫిల్‌లో తూటాలు పేలే గొట్టం కిందనున్న మరో సన్నని గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి, ముందుదాని ప్రైమర్‌ను వెనుకదాని ముక్కు తాకుతుంది. అందుకని మొన తేలినవి పనికిరావు, ముక్కు చదునుగా ఉన్నవే కావాలి. పిస్టల్ బుల్లెట్లు చాలావరకు అలాగే ఉంటాయి. స్ప్రింగు తోపుకూ, పేలిన అదురుకూ బుల్లెట్ కేసులోకి జారితే లోపలి ఒత్తిడి పెరుగుతుంది. కనుక బుల్లెట్ నడుము మీది గాడిలోకి కేసు మూతిని నొక్కి బిగించు. ఆ తరువాత తూటాను బల్లకు ఆనించి బొటనవేలితో గట్టిగా నొక్కితే బుల్లెట్ కదలకూడదు.

పేలినప్పుడు మామూలు చప్పుడు కాక టుస్సుమన్నట్లు వినిపిస్తే, తరువాతి తూటాను ఎక్కించే పిడి అయిన లీవర్ తిప్పవద్దు. నాకు ఒకసారి అలాగే జరిగి, తుపాకీ ఖాళీ చేసి కడ్డీ దూర్చి చూస్తే బుల్లెట్ గొట్టం మధ్యలోనే ఇరుక్కుని ఉన్నది. దాని వెనుక ఇంకొకటి పేల్చి ఉంటే ఈ ఉత్తరం రాసే చెయ్యి ఉండేది కాదు.

గురి కిందకు పడుతుంది, అది తప్పు కాదు. యాభై గజాల దగ్గర సరిచేసుకుని, వంద గజాలు దాటి ఆశపడకు. సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోనిదే పిల్లను ఎత్తుకోవద్దు.

మందూ ప్రైమరూ లేకుండా రెండు ఉత్తుత్తి తూటాలు ముందు చేసి చూడు. పిస్టల్ బుల్లెట్ పొట్టిది కనుక తూటా పొట్టిదై, లోపల పైకెత్తే పలక దగ్గర చిక్కుకోవచ్చు. లీవర్ తిప్పితే అవి సాఫీగా ఎక్కాయో, తట్టుకున్నాయో, ఏ పొడవుకు ఎక్కాయో రాయి. ఆ జాబు అందేవరకు మందు డబ్బా మూత తీయకు.

ఇట్లు
మీ మామ