దిగులు పడకపోతే ప్రేమ తగ్గినట్టా?

ప్రశ్న: నా వయసు 61. ఉపాధ్యాయురాలిగా పనిచేసి ఎనిమిది నెలల క్రితం పదవీ విరమణ చేశాను. ఆ రోజుల్లోనే అమ్మాయి పెళ్లి చేసుకుని దూరదేశం వెళ్లిపోయింది, మావారి గుండెకు స్టెంట్ వేశారు, పెద్ద ఇల్లు వదిలి చిన్న ఇంటికి మారాము. రాత్రి మూడు గంటలకు మెలకువ వస్తే ఇక నిద్ర ఉండదు. ఆయనకు మళ్లీ ఏమవుతుందో, అమ్మాయి ఫోన్ ఎత్తకపోతే ఏం జరిగిందో, ఉన్న డబ్బు చివరిదాకా సరిపోతుందో లేదోనని ఒకటే ఆలోచనలు. ఆశతో ఉండమని అందరూ చెబుతారు. కానీ ఒక్క పూట నిశ్చింతగా ఉన్నా వాళ్లను పట్టించుకోనట్టు, ఏదో తప్పు చేసినట్టు అనిపిస్తుంది. ఆకులు రాలిన చెట్టులా ఉన్నాను. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివిన మాట, నిశ్చింతగా ఉన్న పూట తప్పు చేసినట్టు అనిపిస్తుందన్నది. మీ బాధకు మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం. దిగులు పడటాన్ని మీరు అయినవాళ్ల కోసం కాయవలసిన కాపలాగా భావిస్తున్నారు. కాస్త కునుకు తీస్తే ఆపద లోపలికి వచ్చేస్తుందని మీ భయం. ఈ నమ్మకం అంత గట్టిగా పాతుకుపోవడానికి కారణం లేకపోలేదు. మనం భయపడినవాటిలో చాలా భాగం ఎలాగూ జరగవు, జరగని ప్రతిసారీ ఆ ఘనత దిగులు ఖాతాలో జమ అవుతుంది. అమ్మాయి రెండు గంటలు ఫోన్ ఎత్తలేదు, మీరు నలిగిపోయారు, ఆ తరువాత ఆమె మామూలుగా మాట్లాడింది. మీరు నలిగిపోకపోయినా ఆమె అలాగే మాట్లాడి ఉండేదని తెలుసుకునే అవకాశం మీకు రానేలేదు.

ఆ అవకాశాన్ని మీరే కల్పించుకోవచ్చు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తీవ్రమైన ఆందోళనతో బాధపడుతున్న 29 మందిచేత వారి భయాలను పది రోజులపాటు రాయించి, అవి నిజమవుతాయో లేదో నెల రోజులు గమనింపజేశారు. 2020లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం నూటికి 91 భయాలు నిజం కాలేదు. అది చిన్న అధ్యయనం కనుక అందరికీ అదే లెక్క వర్తిస్తుందని నేను చెప్పను. పద్ధతి మాత్రం మీకు పనికివస్తుంది. ఏళ్ల తరబడి జవాబు పత్రాలు దిద్దిన చేయి మీది, దిగులును కూడా ఒకసారి దిద్ది చూడండి. ఒక నోటుపుస్తకంలో ఎడమవైపు తేదీ వేసి, ఏం జరుగుతుందని భయపడుతున్నారో ఒకే వాక్యంలో స్పష్టంగా రాయండి. కుడివైపు ఖాళీగా వదిలి, నెల గడిచాక ఏం జరిగిందో అక్కడ నింపండి. “ఏదో అవుతుంది” అని రాస్తే దిద్దడానికి వీలుండదు.

ఇక మీ జీవితంలో వచ్చిన మార్పుల సంగతి. థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే అమెరికన్ మానసిక వైద్యులు 1967లో 43 జీవిత మార్పులకు వాటి బరువునుబట్టి అంకెలు కేటాయించారు. జీవిత భాగస్వామి మరణానికి 100, పదవీ విరమణకు 45, కుటుంబ సభ్యుల ఆరోగ్యంలో మార్పుకు 44, పిల్లలు ఇల్లు విడిచి వెళ్లడానికి 29, ఇల్లు మారడానికి 20 వేశారు. ఆ అంకెలను నేను అక్షరాలా పట్టుకోను. అయితే అదే పట్టికలో పెళ్లికి 50 వేశారన్నది గమనించదగిన విషయం: మంచిదైనా చెడ్డదైనా మార్పుకు సర్దుకోవడానికి మనిషి శ్రమపడాల్సి వస్తుంది. మీకు ఒక్క ఏడాదిలోపే నాలుగు వచ్చిపడ్డాయి. మీరు దిగులు అని పిలుస్తున్నదానిలో కొంత భాగం అసలు దిగులు కాకపోవచ్చు. బడిగంట, అమ్మాయి గది, పాత ఇంటి గుమ్మం పోయినందుకు కలిగిన దుఃఖం కావచ్చు. దుఃఖానికి పరిష్కారాలు వెతకనవసరం లేదు, ఏడవడానికీ చెప్పుకోవడానికీ కాస్త చోటు ఇస్తే చాలు. ఈ మాట మీవారితో ఒకసారి మాట్లాడి చూడండి, ఆయన కూడా ఏదో ఒకటి లోపల దాచుకునే ఉంటారు.

మీ మూడు భయాలూ ఒక జాతివి కావు. ఆయన గుండె విషయంలో మీరు చేయగలిగిన పనులున్నాయి: మందులు వేళకు వేసుకుంటున్నారా, తదుపరి పరీక్ష తేదీ ఎప్పుడు, ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. డబ్బు విషయం ఒక మధ్యాహ్నం కూర్చుని రాబడి, ఖర్చు, పొదుపు లెక్క వేస్తే తేలుతుంది; లెక్క బాగాలేదని తేలినా సరే, చీకట్లో తడుముకోవడం కన్నా అది నయం. అమ్మాయి ఫోన్ ఎత్తకపోవడం మాత్రం మీ చేతిలో లేనిది. వారంలో ఏ రోజు, ఏ వేళకు మాట్లాడుకోవాలో ఇద్దరూ అనుకుని, మిగిలిన రోజుల మౌనాన్ని ఆమె పనిలో ఉందనడానికి గుర్తుగా తీసుకోండి. చేయవలసినవి చేశాక కూడా మనసులో తిరుగుతూ ఉండేది ఇక పని కాదు, అలవాటు.

ఆ అలవాటును బలవంతంగా అణచాలని చూడకండి, తలచుకోకూడదనుకున్నదే ముందు తలపుకు వస్తుంది. దానికి ఒక వేళ కేటాయించండి. థామస్ బోర్కోవెక్ అనే మనస్తత్వవేత్త 1983లో తన సహచరులతో కలిసి పరీక్షించిన ఈ పద్ధతిలో, రోజూ ఒకే చోట, ఒకే సమయంలో అరగంట దిగులుకే ఇచ్చి, మిగతా వేళల్లో వచ్చిన ఆలోచనను ఆ అరగంటకు వాయిదా వేస్తారు. సాయంత్రం పూట పెట్టుకోండి, పడుకునే ముందు వద్దు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి, ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టదనిపిస్తే మంచం మీద దొర్లకుండా లేచి, మసక వెలుతురులో ఏదైనా నింపాది పని చేసి, కళ్లు మూతలు పడుతున్నప్పుడు మళ్లీ పడుకోండి. చితి చచ్చినవారిని కాలుస్తుందని, చింత బతికున్నవారిని కాలుస్తుందని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. దయచేసి దాన్ని పట్టించుకోకండి. ఆ మాట విన్నవారికి చింత గురించి మరో చింత పట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ఆశ గురించి అడిగారు. అంతా మంచే జరుగుతుందని నమ్మమని నేను మీకు చెప్పలేను, స్టెంట్ వేయించుకున్న మనిషి పక్కన పడుకునేవారికి ఆ మాట అబద్ధంలా వినిపిస్తుంది. మనస్తత్వవేత్త చార్లెస్ స్నైడర్ ఆశను ఇంకోలా నిర్వచించారు: చేరవలసిన చోటికి దారులు కనబడటం, ఆ దారిన నడవగలనన్న ధైర్యం ఉండటం. అటువంటి ఆశ చిన్న పనులతోనే తిరిగి వస్తుంది. వారానికి రెండు పూటలు ఎవరికైనా పాఠం చెప్పడం మీకు సరైన మొదటి దారి అనిపిస్తోంది, మీ చేతిలో ఉన్న విద్య అదే కదా. ఆకులు రాలిన చెట్టు అన్నారు కాబట్టి ఒక మాట: అటువంటి చెట్లలో వచ్చే ఋతువు మొగ్గలు, పాత ఆకులు రాలకముందే ఆ ఆకుల మొదళ్ల దగ్గర ఏర్పడి ఉంటాయి.

వైద్యుణ్ణి కలవడం వాయిదా వేయకండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా నిద్రలేమి, గుండె దడ, ఆందోళన వస్తాయి, కాబట్టి ముందుగా ఆ పరీక్ష చేయించండి. ఆరు నెలలుగా చాలా రోజులు ఇలాగే గడుస్తూ, అలసట, చిరాకు, కండరాల బిగువు కూడా ఉంటే మానసిక వైద్యులను సంప్రదించండి, దీనికి మాటల చికిత్స, మందులు రెండూ ఉన్నాయి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే ఎవరికైనా చెప్పండి.

నోటుపుస్తకం మొదటి పేజీ మీద ఈ రోజు తేదీ వేయండి. నెల తరువాత కుడివైపు నింపాక నాకు మళ్లీ రాయండి, జరగనివి ఎన్ని ఉన్నాయో చెప్పండి. జరిగినవి ఏవైనా ఉంటే, ఆ రోజు మీరు వాటిని ఎలా నెట్టుకొచ్చారో కూడా రాయండి.