హీరోయిన్ ముఖం కాదంటున్నారు, నటన నేర్పించమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ రెండో ఏడు. కాలేజీ నాటకాల్లో ఎప్పుడూ ముసలమ్మ వేషమే ఇస్తారు. కాస్త బొద్దుగా ఉంటుంది. జర్మన్ క్లాసులో తెరేజె గీజె అనే నటి గురించి విన్నప్పటి నుంచి, తనూ అలా క్యారెక్టర్ ఆర్టిస్టు అవుతానంటోంది. వాళ్ల నాన్న ఒక్క నాటకమూ చూడలేదు. ఏం చెయ్యమంటారు? - ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, మీ అమ్మాయి మంచి మనిషినే ఎంచుకుంది. గీజె 1898లో జర్మనీలోని మ్యూనిక్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. అందగత్తెగా ఆవిడకు ఏనాడూ పేరు లేదు. ప్రైవేటుగా నటన నేర్చుకుని, చిన్న ఊళ్ల నాటకశాలల్లో ఏళ్ల తరబడి పనిచేసి, 1926లో మ్యూనిక్‌లోని పేరున్న కామర్‌ష్పీలె నాటకశాలకు చేరారు. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే దేశం వదలాల్సి వచ్చింది.

ఆవిడకు అసలైన పాత్ర దొరికింది 1941 ఏప్రిల్‌లో, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రాసిన 'మదర్ కరేజ్' తొలి ప్రదర్శన అది. బండి లాగుతూ సైన్యాల వెంట సరుకులమ్ముకుంటూ, ఆ యుద్ధానికే ముగ్గురు బిడ్డల్నీ పోగొట్టుకునే తల్లి. చుట్టూ నిజం యుద్ధం నడుస్తోంది. ఆ వేషం వేసింది ఇల్లూ ఊరూ వదిలొచ్చిన మనిషి. అప్పటికి ఆవిడ వయసు 43. మన దగ్గర హీరోయిన్‌ని పక్కన పెట్టేసే వయసు కదా! 1956లో స్విస్ నాటకకర్త డ్యూరెన్‌మాట్ నాటకంలో పగ తీర్చుకోవడానికి సొంతూరు వచ్చే కోటీశ్వరురాలిగా తొలిసారి రంగం మీదికొచ్చిందీ ఈవిడే. 1962 నాటి 'భౌతికశాస్త్రవేత్తలు' నాటకాన్ని ఆయన గీజెకే అంకితమిచ్చారు.

అయితే ఒక తేడా మీకు చెప్పి తీరాలి. జర్మనీలో చాలా నగరాల్లో ప్రభుత్వ సొమ్ముతో నడిచే నాటకశాలలున్నాయి, వాటిలో నటులకు నెలజీతం వస్తుంది. మన దగ్గర ఆ వసతి లేదు. సినిమాల్లో, సీరియళ్లలో పనున్న రోజుకే డబ్బు. అందుకే డిగ్రీ మధ్యలో ఆపనివ్వకండి. పైగా ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు వెళ్లాలన్నా డిగ్రీ కావాలి, నాటకాలు వేసిన అనుభవమూ అడుగుతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల్లో పీజీ ఉంది. రెండింటికీ రాయించండి. వేషం ఇప్పిస్తామని ముందే డబ్బడిగే వాళ్లకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

సన్నబడమని పిల్లను వేధించకండి. ఇరవై ఏళ్ల పిల్ల ముసలమ్మగా నడిచి చూపిస్తే ప్రేక్షకులు నమ్ముతున్నారంటే, అది ఆమె చేతిలో ఉన్న పనితనం. ఈసారి నాటకం ఎప్పుడో కనుక్కుని, వాళ్ల నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లి ముందు వరుసలో కూర్చోండి. ఆ తర్వాత మీ ముగ్గురూ మాట్లాడుకోండి.