టెక్ సందేహాలు: సర్వర్‌లో పాత వెర్షన్ చూపిస్తే ప్రమాదమేనా?

ప్రశ్న: మా రైస్ మిల్లు బిల్లింగ్ సర్వర్‌లో ఉబుంటు 22.04 (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) ఉంది. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాము 8.9 పాతది, 9.8 ఉండాలి అని భద్రతా లోపాలు వెతికే స్కానర్ రిపోర్టు ఇచ్చింది. అప్‌డేట్లన్నీ వేసినా నంబరు మారడం లేదు, టెన్షన్‌గా ఉంది. మేమే 9.8 తెచ్చి వేసుకోవచ్చా? ఇంకోటి, బిల్లులో ‘సత్యనారాయణ’ అని కొడితే యవత్తు విడిపోయి పడుతోంది. కొత్త ఉబుంటు 24.04లో బాగానే వస్తోంది. ఆ సవరణ మాకెందుకు ఇవ్వరు?
– ఒక పాఠకుడు, మండపేట

జవాబు: వద్దండీ. మీరే తెచ్చి వేస్తే ఆ ప్రోగ్రాముకి ఇక ఉబుంటు అప్‌డేట్లు అందవు. రేపు మరో లోపం బయటపడితే మీరే చూసుకోవాలి.

స్కానర్ 8.9 వరకే చదివింది. మీరు ఆ నంబరు చివరి దాకా చూడండి. 8.9పీ1-3ఉబుంటు0.10 అని గానీ, చివరి చుక్క తర్వాతి సంఖ్య 10 కంటే పెద్దగా గానీ ఉంటే, 2024 జులైలో బయటపడ్డ సీవీఈ-2024-6387 (సీవీఈ అంటే భద్రతా లోపానికి ఇచ్చే గుర్తింపు నంబరు) లోపం మీ దగ్గర సరిచేసేసినట్టే. ప్యాకేజీ చేంజ్‌లాగ్‌లో, అంటే మార్పుల జాబితాలో, ఆ సీవీఈ నంబరే ఉంటుంది. ఆ పేజీ ప్రింట్ తీసి రిపోర్టుకి జత చేయండి.

చేలో పంట ఉండగా కాలువ గట్టుకి గండి పడితే మీ ఊళ్లో ఏం చేస్తారు? బస్తాలు వేసి గండి పూడుస్తారు. పూడిక తీత, లాకుల మరమ్మతు వేసవిలో కాలువలు కట్టేశాకే. ఇక్కడా అంతే. 9.8లో ఈ సవరణ ఒక్కటే రాలేదు. సర్వర్ ప్రోగ్రామునే రెండుగా విడగొట్టారు, పదేపదే లాగిన్ తప్పే అడ్రసులను కాసేపు ఆపే పద్ధతి పెట్టారు. మంచి మార్పులే, కానీ నడుస్తున్న మిల్లులో రాత్రికి రాత్రి దించేవి కావు. అందుకే ఉబుంటు వాళ్లు, లోపానికి మూలమైన, సిగ్నల్ (నడుస్తున్న ప్రోగ్రాముకి మధ్యలో అందే సందేశం) వచ్చిన క్షణంలో లాగ్ రాసే ఆ ఒక్క పనినీ ఆపేసి, అంతవరకే 8.9లో కలిపారు.

ఇలా పాతదానికి సవరణ కలిపే ముందు, అసలు ఆ లోపం ఆ వెర్షన్‌లో ఉందా అన్నది చూడాలి. ఇది 2006లో ఒకసారి సరిచేసిందే, 8.5లో మళ్లీ దూరింది. 8.4తో వచ్చిన డెబియన్ 11 (ఉబుంటు లాంటి మరో లినక్స్) లో లేనే లేదు. ఉబుంటుకి గుండెకాయ లాంటి లినక్స్ కెర్నల్ రాసేవాళ్లయితే, పాత వెర్షన్లకి వెళ్లే సవరణ 100 లైన్లు దాటకూడదని నియమం పెట్టుకున్నారు.

ఇక యవత్తు సంగతి. రైతు పేరు తప్పుగా పడటం చిన్న విషయం కాదు. కానీ అక్షరాలు పేర్చే లైబ్రరీని మారిస్తే, దాన్ని వాడే మిగతా ప్రోగ్రాముల్లోనూ అక్షరాల కొలతలు మారొచ్చు. అందుకే అలాంటివి పాతదానికి ఇవ్వడానికి వెనకాడతారు. ఏ పదం, ఏ ఫాంటు, ఎలా కొడితే విడిపోతోందో రాసి ఉబుంటుకి బగ్ రిపోర్టు పెట్టండి. 22.04కి 2027 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి కాబట్టి తొందర లేదు. దాళ్వా ధాన్యం హడావుడి తగ్గాక, బ్యాకప్ తీసుకుని, వేరే కంప్యూటర్లో 24.04 వేసి అదే బిల్లు ప్రింట్ తీసి చూడండి.