కనూకి థై స్ట్రాప్స్: ఎలాంటివి కొనాలి, కొన్నాక ఎలా పరీక్షించాలి

గుంటూరు నుంచి అడిగారు మీరు: పాత ఓపెన్ కనూ (పైన మూత లేని, తెడ్డుతో నడిపే పడవ) ఒకటి చేతికొచ్చింది, వానలు తగ్గాక కర్ణాటకలోని దాండేలి తీసుకెళ్ళి కాళీ నదిలో దింపాలని ఉంది, థై స్ట్రాప్స్ (కూర్చున్నప్పుడు తొడల్ని పడవకి పట్టి ఉంచే పట్టీలు) మామూలువి సరిపోతాయా, క్విక్ రిలీజ్ ఉన్నవి కావాలా, లేక ఆటోనగర్‌లో సీటు బెల్టు పట్టీతో కుట్టించుకోవచ్చా అని.

క్విక్ రిలీజ్ ఉన్నవే తీసుకోండి, అంటే తాడుకున్న బంతి లాగగానే బకిల్ ఊడి పట్టీ వదిలేసేవి. అయితే ఆ రెండు మాటలు చూసి ధైర్యపడొద్దు. ఎందుకంటున్నానో నాకు జరిగింది చెబితే అర్థమవుతుంది.

2018 డిసెంబరులో ఋషికేశ్ దగ్గర, శివపురికి దిగువన గంగలో నా పడవ బోల్తా పడింది. మంచునీళ్ళు. తలకిందులుగా ఉండి, కుడిచెయ్యి తొడ మీద ఉండాల్సిన ఎర్రబంతి కోసం వెతికింది. అక్కడ లేదు. ఒడ్డున పట్టీలు బిగించుకున్నప్పుడే తాడు మడతపడి బంతి తొడ కిందికి పోయింది, నేను చూసుకోలేదు. రెండు చేతులూ పడవ అంచులకు ఆనించి, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, నడుం వెనక్కి నెట్టాను. కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి జారి వచ్చేశాయి. మహా అయితే ఐదారు సెకన్లు. ఒడ్డుకి చేరాక కూడా చేతుల వణుకు చాలాసేపు తగ్గలేదు. ఆ రోజు నేను బయటపడింది పట్టీ బిగువు సరిగ్గా ఉండబట్టే. బంతి లాగే అవకాశమే రాలేదు.

అందుకే మొదటి పరీక్ష ఇదీ: ఏదీ లాగకుండానే కాళ్ళు బయటికి రావాలి. మనం కనూలో వజ్రాసనంలాగా మోకాళ్ళ మీద కూర్చుంటాం కదా. మోకాలు పైకెత్తితే పడవ కూడా మనతో ఒరగాలి, అందుకే ఈ పట్టీలు. మోకాళ్ళు ఎడంగా పెడితే పట్టెయ్యాలి, దగ్గరికి తెస్తే వదలాలి. పట్టీ తొడ మధ్యలో ఉండాలి. తుంటి దాకా పోతే పట్టు బాగుంటుంది కానీ బయటికి రావడం కష్టం. మోకాలి వైపు దిగితే పడవ మాట వినదు. మొదటి ఏడాది కాస్త వదులుగానే ఉంచండి, రోల్ (బోల్తా పడ్డ పడవని అందులోంచి బయటికి రాకుండానే తిప్పి లేపడం) నేర్చుకున్నాక బిగించుకోవచ్చు.

ఇక బకిల్ సంగతి. స్కూలు బ్యాగులకుండే రెండు వైపులా నొక్కే ప్లాస్టిక్ క్లిప్పు ఉన్న పట్టీలు చవగ్గా దొరుకుతాయి. వద్దు. ఇసుక పడితే బిగుసుకుంటుంది, బరువు పడినప్పుడు నొక్కినా రాదు, కాలు పడితే పగులుతుంది. మీకు కావలసింది రెస్క్యూ లైఫ్ జాకెట్ నడుం బెల్టుకి ఉండే రకం: బంతి లాగగానే బకిల్ నోరు తెరుచుకుని పట్టీ జారిపోవాలి. ఇక్కడ చాలామంది చూడని సంగతి పట్టీ చివర. అందంగా ఉంటుందని చివర మడిచి కుడతారు. ఆ మందం బకిల్లో ఇరుక్కుంటే బంతి లాగినా ఉపయోగం లేదు. చివర మడత లేకుండా, అంచు కాల్చి నున్నగా ఉండాలి. ముడి అసలు వెయ్యకూడదు. బంతి ఏ చేతికైనా అందేలా ఉండాలి, ఎందుకంటే ఒక చేతిలో తెడ్డు ఉంటుంది.

ఆటోనగర్‌లో కుట్టించడం తప్పేమీ కాదు, అక్కడి సీట్ల పనివాళ్ళ కుట్టు గట్టిగా ఉంటుంది. నూలు దారం మాత్రం వద్దు, తడికి కుళ్ళిపోతుంది. పాలిస్టర్ దారంతో చతురస్రం కుట్టి లోపల ఇంటూ గుర్తు వెయ్యమనండి. పట్టీ కూడా పాలిస్టర్‌దే మేలు. నైలాన్ తడిస్తే సాగుతుంది, ఒడ్డున పెట్టుకున్న బిగువు నీళ్ళలో ఉండదు. కుట్టు వాళ్ళ చేత చేయించుకున్నా బకిల్ మాత్రం నీటి ఆటల సామాను అమ్మేవాళ్ళ దగ్గరే కొనండి.

పడవ దేనితో చేశారో కూడా చూసుకోండి. పాతదంటున్నారు కాబట్టి రాయలెక్స్ అనే పొరల ప్లాస్టిక్ అయ్యుండొచ్చు, దాని తయారీ 2014 ప్రాంతంలో ఆగిపోయింది. దానికైతే డి-రింగు (పట్టీ తగిలించే D ఆకారపు రింగు) అతుకులు వినైల్ జిగురుతో బాగా పట్టుకుంటాయి. పాలిథిలీన్ పడవకి జిగురు నిలవదు, బోల్టులే వెయ్యాలి. మన మే నెల ఎండలో డాబా మీద వదిలేస్తే జిగురూ పట్టీలూ రెండూ పాడవుతాయి, నీడన పెట్టండి.

అన్నీ బిగించాక ఇంట్లో బొంత మీద పడవ పెట్టి కళ్ళు మూసుకుని బంతి లాగి చూడండి. కుడిచేత్తో, ఎడంచేత్తో. పట్టీ మీద బరువు వేసి ఒకసారి, బరువు లేకుండా ఒకసారి. కొన్ని బకిల్స్ బరువున్నప్పుడు టకీమని ఊడి, లేనప్పుడు పట్టీని అలాగే పట్టుకుని ఉంటాయి. ఇంకో మాట, ఇరవై నిమిషాలు మోకాళ్ళ మీద కూర్చుని, కాళ్ళు తిమ్మిరెక్కాక ఇదే మళ్ళీ చెయ్యండి. నదిలో మీకుండేది ఆ తిమ్మిరి కాళ్ళే. బూట్లు వేసుకునే పరీక్షించాలి. సీటు కింద మడమ పట్టేంత జాగా ఉందా, చెప్పుల పట్టీ ఎక్కడైనా తగులుకుంటుందా అనేది అప్పుడే తెలుస్తుంది. ఏదీ పనిచెయ్యకపోతే పట్టీ కొయ్యడానికి లైఫ్ జాకెట్‌కి మొన లేని చిన్న చాకు ఒకటి తగిలించుకోండి.

ఆ తర్వాత కదలని నీళ్ళలో. కృష్ణలో అయితే ప్రకాశం బ్యారేజీకి ఎగువన, గేట్లకి బాగా దూరంగా, వరద లేని రోజుల్లో. బ్యారేజీ కింద మాత్రం ఎప్పుడూ దిగొద్దు, గేట్ల కింద తిరగబడే నీళ్ళు మనిషిని వదలవు. ఎగువన కూడా ఇసుక తీసిన గుంటలుంటాయి, లోతు తెలిసిన చోటే, పక్కన ఒక మనిషి నిలబడి ఉండగానే చెయ్యాలి. ఇరవైసార్లు తిరగబడండి. సగం బంతి లాగకుండా, సగం లాగి.

దాండేలికి వెళ్ళే ముందు ఒక ఆదివారం పొద్దున్నే పడవ వేసుకుని పున్నమి ఘాట్‌కి రాగలిగితే చెప్పండి. అక్కడివాళ్ళతో మాట్లాడి చోటు చూసి ఉంచుతాను, మీరు తిరగబడుతుంటే పడవ నేను పట్టుకుంటాను.