పెళ్లి గుర్రానికి పాటల సాయంత్రం

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. పెళ్లి ఊరేగింపులకు తిప్పే తెల్ల గుర్రాన్ని, కాలు వాచిందని యజమాని కాలువ గట్టున వదిలేసి పోయాడు. మా గేదెల పాకలో కట్టి మేపుతున్నాం. అమెరికాలో మా తమ్ముడు ఉండే ఊళ్లో పిల్లాపాపలతో వచ్చి, పాటలు వింటూ, వైన్ తాగుతూ, ఇలాంటి గుర్రాల కోసం చందాలు పోగుచేస్తారట. సంక్రాంతికి మేమూ చేయొచ్చా? గుర్రాన్ని స్టేజీ దగ్గరకు తేవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా చేయండమ్మా. కానీ చందాల కంటే ముందు రక్తపరీక్ష చేయించండి. వాచిన కాలి మీద పుళ్లున్నా, ముక్కులోంచి చీము కారుతున్నా గ్లాండర్స్ అనే గుర్రాల అంటుజబ్బేమో చూడాలి. అది మనుషులకూ అంటుకుంటుంది. పశువుల ఆసుపత్రి డాక్టరుకు చెబితే నమూనా తీయిస్తారు. హర్యానాలోని హిసార్‌లో గుర్రాల జబ్బులకు జాతీయ పరిశోధన కేంద్రం ఉంది, నిర్ధారణ అక్కడ చేస్తారు. ఫలితం వచ్చేదాకా పిల్లల్ని దగ్గరకు పోనివ్వకండి.

గేదెల పాకలోంచి ఈరోజే మార్చండి. గేదెకు బురద హాయి, గుర్రానికేమో గిట్టలు కుళ్లిపోతాయి. ఇసుక పోసిన మెరక చోటు చాలు.

మేత విషయంలో నన్నొక సంఘటన ఇప్పటికీ వదల్లేదు. కోనసీమలో పనిచేసే రోజుల్లో, ఇలాగే దిక్కులేని గుర్రానికి జాలిపడి పెళ్లివారు మిగిలిన అన్నం గంపెడు పెట్టారు. గుర్రం కక్కుకోలేదమ్మా, దాని ఒంటి తీరే అంత. నేను వెళ్లేసరికి కడుపునొప్పితో నేలమీద పొర్లుతోంది. తెల్లవారేలోపు పోయింది. పెట్టిన చేతులన్నీ ప్రేమగా పెట్టినవే. అందుకే అన్నం, తవుడు వద్దు. వరిగడ్డి ఒక్కటే పెట్టినా పేగుల్లో అడ్డుపడుతుంది. 400 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 8 కిలోల ఎండుమేత, 30 లీటర్ల దాకా మంచినీళ్లు కావాలి. ఎండబెట్టిన పచ్చగడ్డి మంచిది.

డబ్బు సంక్రాంతికి వస్తుంది గానీ అవసరం ఆషాఢంలో పడుతుంది. వానలకు గిట్టలు మెత్తబడతాయి, జోరీగలు సర్రా అనే రక్తపు జబ్బును మోసుకొస్తాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి, ఆ పనివాళ్లు మనవైపు అరుదు, దూరం నుంచి పిలిపించాలి. బాగా చూసుకుంటే గుర్రం 25 ఏళ్లు దాటి బతుకుతుంది. కాబట్టి ఒక్కరోజు చందాతో ఆగకుండా, నెలనెలా మేత ఖర్చుకు పది ఇళ్లవాళ్ల చేత ఒప్పించుకోండి. పాటల సాయంత్రం అసలు పని అదే.

వైన్ మాత్రం వద్దు. అనుమతి లేకుండా మద్యం పోస్తే కేసవుతుంది, పైగా పిల్లలుంటారు. కొబ్బరి బొండాలు, పక్కనే ఉన్న ఆత్రేయపురం పూతరేకులు అమ్మండి, ఆ లాభం కూడా చందాలో కలుస్తుంది.

స్టేజీ దగ్గరకు తేవద్దు. మనకు వినపడని సన్నటి చప్పుళ్లు కూడా దానికి వినిపిస్తాయి. ఇన్నేళ్లూ బ్యాండు మేళాల మధ్యే నడిచింది పాపం. మైకులకు దూరంగా చెట్టు నీడన కట్టి, తెలిసిన మనిషిని పక్కన ఉంచండి. ఫొటో కోసమైనా దాని మీద ఎవరినీ ఎక్కించకండి.